బాపుతో కలిసి టీవీ ఎంచిన ఆదివారం

పోయిన వారం మా బిడ్డ నన్ను జగిత్యాలలో ఒక టీవీల దుకాణానికి వెంటబెట్టుకొని పోయింది. ఇంట్లో ఉన్న టీవీ తెర మీద నిలువునా నల్లటి గీత పడి నెల రోజులైంది, దాన్ని బాగు చేయించే కంటే కొత్తది తెచ్చుకోవడమే నయమని అల్లుడు తేల్చేశాడు. దుకాణంలో గోడ నిండా టీవీలే. మరీ చౌకవి కాకుండా, మరీ ఖరీదువి కాకుండా నడిమిరకంవి రెండు పక్కపక్కన పెట్టించి, ఫోనులో ఏవేవో చదువుకుంటూ, దీని రంగులు నిండుగా ఉన్నాయని, దాని సౌండు బాగుందని మా బిడ్డ పోల్చి చూస్తుంటే నేను కుర్చీలో కూర్చొని వింటున్నాను. కాసేపటికే రంగులు బాగున్నదాన్ని తీసుకున్నాం. కానీ అంతకు ముందు ఆమె నా వైపు తిరిగి, "దీని సౌండు ఎట్లున్నదమ్మా" అని అడిగింది. సరిగ్గా ఆ మాటే, ఇప్పటికి ముప్పై ఏళ్లు దాటింది, సిరిసిల్ల బజారులో నేను మా బాపును అడిగాను.

మాది మేడిపల్లి దిక్కు పల్లె. సెంటు భూమి లేని ఇల్లు కాబట్టి, పెండ్లయిన కొత్తలోనే బాపు, మేము అవ్వ అని పిలిచే మా అమ్మను తీసుకొని సిరిసిల్లకు సాంచాల పనికి వచ్చేశాడు. కరెంటుతో నడిచే మగ్గాలను మా దగ్గర సాంచాలంటారు. రేకుల షెడ్డులో ముప్పై నలభై సాంచాలు ఒక్కసారిగా ఆడుతుంటే ఆ చప్పుడు ఎట్లా ఉంటుందో ఆ గల్లీల్లో పెరిగిన నా ఈడు వాళ్లకు చెప్పనక్కర్లేదు. మా వాడలో అందరూ గట్టిగానే మాట్లాడేవాళ్లు, పెండ్లికో పేరంటానికో ఊరికి పోతే మేము మామూలుగా మాట్లాడుకునే మాటలకే చుట్టాలు కొట్లాట అనుకొని బయటికొచ్చి చూసేవాళ్లు. అవ్వ ఇంట్లో బీడీలు చుట్టేది. బాపు మాత్రం తక్కువ మాట్లాడే మనిషి. ఏదైనా అడిగితే చిన్నగా నవ్వి ఊరుకునేవాడు, ఒక్కోసారి ఆ నవ్వు కూడా ఉండేది కాదు. అవ్వ ఆయనతో ఏం చెప్పాలన్నా ముందు భుజం మీద చెయ్యేసి, ఆయన తిరిగి చూశాక చెప్పేది. అది వాళ్లిద్దరి అలవాటనుకున్నానే తప్ప ఎందుకని నేనెన్నడూ ఆలోచించలేదు.

ఇంటరు అయ్యాక నాకు టీచరు ట్రైనింగులో సీటు వచ్చింది. హాస్టల్లో ఉండి చదవాలి. మా గల్లీలో ఆడపిల్లను అట్లా పంపినవాళ్లు అప్పటికి ఎవరూ లేరు. బాపు పని దిగి వచ్చి, వాకిట్లో నీళ్ల గోలెం దగ్గర వంగి ముఖం కడుక్కుంటున్నాడు. ఎదురుగా నిలబడి చెప్పే ధైర్యం లేక, గడప మీద నిలబడే, "బాపూ, నాకు సీటొచ్చింది, పోవాల్నా" అని అడిగాను. ఆయన తల తిప్పలేదు. తువ్వాలతో ముఖం తుడుచుకొని, నన్ను దాటి లోపలికి పోయి అన్నం ముందర కూర్చున్నాడు. మళ్లీ అడగడానికి నాకు మనసొప్పలేదు. అవ్వ సంగతి తెలుసుకొని, నువ్వు పో, నేను చెప్పుకుంటానంది. బస్సెక్కిన రోజు బాపు నా ట్రంకుపెట్టె మోసుకొచ్చి సీటు కింద పెట్టి, కిటికీ పక్కన బస్సు కదిలేదాకా నిలబడ్డాడు గానీ ఒక్క మాట మాట్లాడలేదు. ఇష్టం లేకపోయినా అవ్వ పోరు పడలేక పంపుతున్నాడని నాకు నేనే అర్థం చెప్పుకున్నాను.

ఆ ముల్లు చాలా ఏళ్లు అట్లాగే ఉండిపోయింది. చదువైంది, కోరుట్ల దగ్గర ఒక ఊళ్లో బడిలో ఉద్యోగం వచ్చింది, కోరుట్లలోనే ఒక గది కిరాయికి తీసుకున్నాను. ఇంటికి వచ్చినప్పుడల్లా అవ్వతో గంటల కొద్దీ మాట్లాడేదాన్ని, బాపుతో మాత్రం తిన్నావా, పన్నావా అంతవరకే. ఆయన కూడా నేను వచ్చిన రోజు ఏదో పని పెట్టుకొని బయటే తిరిగేవాడు. అవ్వకు టీవీ మీద మహా ఇష్టం, పక్కింటి కిటికీలోంచి వినబడే మాటలు వింటూ బీడీలు చుట్టేది. అందుకని ఒక ఆదివారం, రంగుల టీవీ కొందామని బయల్దేరాను. అవ్వ తాను రానని, సామాను సంగతి మగవాళ్లకే తెలుస్తుందని బాపును నా వెంట పంపింది. ఇద్దరం బజారు దాకా ఒకరి వెనక ఒకరం నడిచిపోయాం.

దుకాణం ఆయన మా తాహతు చూసి రెండు టీవీలు బల్ల మీద పెట్టించాడు. రెండింటి ధరా ఒకటే. మొదటిదానికి తెరకు రెండు పక్కలా పెద్ద స్పీకర్లున్నాయి, సౌండు ఖంగుమంటోంది, బొమ్మ మాత్రం కొంచెం మబ్బుగా ఉంది. రెండోది చిన్న స్పీకరుది గానీ బొమ్మ కడిగిన అద్దంలా ఉంది. యాంటెనా వైరు ఒక్కటే కావడంతో ఆయన ఒకదాన్నుంచి తీసి రెండోదానికి తగిలించాడు. తెర మీద ఒకామె పాట పాడుతోంది, పెదవులు కదులుతున్నాయి. బాపును కూడా కలుపుకుందామన్న ఉద్దేశంతో నేను ఆయన ఎదురుగా నిలబడి, "దీని సౌండు ఎట్లున్నది బాపూ" అని అడిగాను.

బాపు తెర వైపు కాసేపు చూసి, "మంచిగున్నది బిడ్డా. దానికంటె గిదే సాఫ్‌గున్నది" అన్నాడు.

ఆ టీవీకి దుకాణం ఆయన ఇంకా సౌండు పెట్టనే లేదు, పెడతాడు కదా అని నేనే తొందరపడి అడిగాను. మీట మీద చెయ్యేసి అట్లాగే ఆగిపోయి నా ముఖం చూశాడు. ఆ తర్వాత, ఏమీ జరగనట్టే, మీటను నెమ్మదిగా తిప్పాడు. పాట వినబడింది. బాపు ముఖంలో ఏ మార్పూ లేదు. నేను రెండడుగులు ఆయన వెనక్కి పోయి, మామూలు గొంతుతో, "బాపూ" అని పిలిచాను. మళ్లీ పిలిచాను. దుకాణంలో ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు గానీ ఆయన చూడలేదు. నాకు గోలెం దగ్గర వంగిన ఆ వీపు కళ్ల ముందుకొచ్చింది. 

చాయ తాగి వస్తామని దుకాణం ఆయనకు చెప్పి, బాపు చెయ్యి పట్టుకొని పక్కనున్న హోటలుకు తీసుకుపోయాను. ఎదురుగా కూర్చొని, చెవులు వినబడటం లేదా అని అడిగితే, ఆయన దొంగతనం బయటపడ్డ మనిషిలాగా తల వంచుకున్నాడు. ఎన్నేళ్ల నుంచో ఆయనకే తెలియదట, కొంచెం కొంచెంగా పోయాయట. "సాంచాల కాడ చెవులతోని ఏం పని బిడ్డా, చేతులతోనే చెప్పుకుంటం. ఎదురుంగ ఉన్నోళ్ల మాట పెదవులు జూసి తెలుసుకుంట. నువ్వు సంబురంగ అచ్చినవ్ గద, ఇనవడతలేదని చెప్పబుద్ధి గాలె" అన్నాడు.

అప్పుడు నేను సీటు వచ్చిన రోజు సంగతి తీశాను. గడప మీద నిలబడి నేనడిగిందీ, ఆయన పలకనిదీ, ఇన్నేళ్లు నేను మనసులో పెట్టుకున్నదీ, పెదవులు స్పష్టంగా కదిలేట్టు ఒక్కొక్క మాటా చెప్పాను. బాపు నా ముఖం వైపు అట్లాగే చూశాడు.

"నువ్వడిగినవా," అన్నాడు. "మీ అవ్వ చెప్తెనే నాకు తెల్సింది. నా బిడ్డ నాకు ఒక్క మాటన్న చెప్పకపాయె, బాపంటె లెక్కలేదు గావచ్చు అనుకున్న. బస్సుకాడ ఏమనాల్నో తెల్వక ఊకున్న."

చాయ చల్లారిపోయింది. ఇద్దరమూ తాగలేదు. ఆయన తువ్వాల కొసతో కళ్లు తుడుచుకున్నాడు, నేను నా కొంగుతో. చెవులు చూపించుకుందామంటే ఆ రోజు నవ్వి కొట్టిపారేశాడు గానీ ఆ తర్వాత కరీంనగర్‌లో డాక్టరుకు చూపించాను. లోపలి నరం దెబ్బతిన్నది, పోయింది తిరిగి రాదన్నాడు.

మళ్లీ దుకాణానికి పోయాక బొమ్మ బాగున్న టీవీనే ఇమ్మన్నాను. తెర మీద ముఖాలు స్పష్టంగా ఉంటే పెదవులు చూసి బాపు కొంతైనా తెలుసుకుంటాడని నా ఆశ. బాపు అడ్డం తిరిగాడు. "నాకు ఏ బొమ్మయినా ఒక్కటే. మీ అవ్వ బీడీల చాట ముంగటేసుకున్నదంటె తలకాయ ఎత్తది. దానికి సౌండు గావాలె" అని పెద్ద స్పీకర్ల టీవీ మీద చెయ్యేసి నిలబడ్డాడు.  చివరికి బాపు మాటే నెగ్గింది. ఇంటికి పోయేటప్పుడు రిక్షాలో టీవీ పెట్టెను చెరో పక్క పట్టుకొని కూర్చున్నాం. దారి పొడుగునా ఆయన నా బడి గురించి, పిల్లల గురించి అడుగుతూనే ఉన్నాడు, నేను ఆయన వైపు వంగి చెబుతూనే ఉన్నాను.

ఇప్పుడు బాపు లేడు, అవ్వా లేదు. మేమున్న గల్లీలో ఆ షెడ్డు కూడా లేదు, ఇండ్లు లేచాయి. మొన్న పోయి చూస్తే ఆ వాడ ఎంత నిశ్శబ్దంగా ఉందంటే, నాకే గొంతు తగ్గించి మాట్లాడాలనిపించింది. మా ఇంట్లో నలుగురం ఒక్క గదిలో కూర్చున్నా ఎవరి ఫోను వాళ్లదే, చెవుల్లో ఎవరి పాట వాళ్లదే. ఒకరికొకరు చెప్పకపోతేనేం, ఫోనులోనే అందరికీ అన్నీ తెలుస్తూనే ఉంటాయి. పిల్లలను తప్పు పట్టడం లేదు, నేనూ అంతే అయ్యాను. అయినా సాయంత్రమయ్యేసరికి సిరిసిల్లలో ఆ టీవీ పెట్టుకున్న చిన్న గది గుర్తొస్తుంది. అవ్వ తల వంచుకొని బీడీలు చుడుతూ వింటుండేది, బాపు గోడకు ఆనుకొని చూస్తుండేవాడు. ఎవరొచ్చిన్రని అవ్వ అడిగితే ఆయన చెప్పేవాడు. ఏమన్నడని ఆయన అడిగితే, చుడుతున్న బీడీ చాటలో పెట్టి, ఆయన భుజం తట్టి, ముఖం ఆయన వైపు తిప్పి ఆమె చెప్పేది. ఒక్క కథ చూడటానికి వాళ్లిద్దరూ కావలసి వచ్చేది.