బెల్లానికి తూగిన మనిషి

మా ఊళ్ళో మనిషి చిక్కిపోతే వీధి వీధంతా వచ్చి ఏమైందని అడుగుతుంది. ఒళ్ళు చేస్తే మాత్రం ఎవరూ అడగరు. బాగున్నాడంటారు, అంతే. మా బావ మసేను విషయంలో జరిగింది అదే. నాకు నోరెక్కువని ఒడిశా ఒడ్డునున్న మా రామయ్యపట్నంలో అందరికీ తెలుసు, ఉండనీ. ఆ ఏడాది నోరున్నవాళ్ళం, లేనివాళ్ళం, అందరం కలిసి బాగున్నాడనే అన్నాం.

మసేను నా భర్త అర్జున్‌కు అన్న. ఆయన భార్య కాసమ్మను నేను అప్ప అని పిలుస్తాను. ఇద్దరం తెల్లారకముందే ఒడ్డుకు వెళ్ళి, వచ్చిన పడవల దగ్గర చేపలు కొని, ఆటోలో వేసుకుని బరంపురం బజారుకు పోతాం. చేపలు కొనడంలో అప్పను మించిన మనిషి మా ఒడ్డున లేదు. కళ్ళెర్రబడ్డాయా, మొప్పలు నల్లబడ్డాయా అని మేమంతా చూస్తూ ఉంటే, ఆవిడ బొటనవేలితో చేప వీపు మీద ఒక్క నొక్కు నొక్కేది. గుంట వెంటనే పూడితే బుట్టలో వేసుకునేది. పూడకపోతే ఇసుకలోకి విసిరేసేది. ఐసు నీళ్ళు పీల్చుకుని ఉబ్బిన చేప కాటా మీద తూగుతుందే గాని కూరలో మిగలదని, అలాంటి బరువు కొనేవాడు వెర్రివాడని అనేది.

బావ మీసం రాకముందే తెప్ప ఎక్కాడు. తర్వాత కొన్నేళ్ళు మంగళూరు బోట్ల మీద పనికి వెళ్ళాడు. అక్కణ్ణించి డబ్బు తెచ్చింది తక్కువ, తాగుడు తెచ్చుకుంది ఎక్కువ. తాగి పెళ్ళాలను కొట్టే మొగుళ్ళు మా వీధిలో ఉన్నారు. బావ ఆ రకం కాదు. తాగితే ఏడ్చేవాడు, ఏడ్చి ఏడ్చి వలల మీదే పడుకునేవాడు. అప్పా నేనూ చెరో రెక్కా పట్టుకుని ఇంటికి చేర్చేవాళ్ళం. పొద్దున్నే గ్లాసు పడందే ఆయన చేతులు నిలిచేవి కావు, వల కుట్టే సూది కూడా పట్టుకోలేకపోయేవాడు.

అందుకని అప్ప ఎక్కడికి వెళ్ళినా ఒక్కతే వెళ్ళేది. పెళ్ళికెళ్ళినా, కూతురు రింకి అత్తవారి ఊరు కొడలకు వెళ్ళినా ఒక్కతే. మీ ఆయనేడీ అంటే వేటకెళ్ళాడనేది. వేట నిషేధం రోజుల్లో, సముద్రం మీద ఒక్క పడవ లేనప్పుడు కూడా వేటకెళ్ళాడనే అనేది. వినేవాళ్ళు తలలు దించుకుని సరేననేవాళ్ళు. నాకు ఒళ్ళు మండేది గాని అప్ప ముఖం చూసి ఊరుకునేదాన్ని.

ఒకనాడు వల బాగుచేస్తూ కూర్చున్నవాడు కూర్చున్నట్టే ముందుకు వంగి నెత్తురు కక్కుకున్నాడు. ఆటోలో వేసుకుని బరంపురం ఆసుపత్రికి పరిగెత్తాం. అక్కడ బతికించారు. ఇక మందు ముడితే మనిషి దక్కడని డాక్టరు ఒడియాలో నిదానంగా చెప్పాడు. ఉప్పు బాగా తగ్గించాలన్నాడు, నెలనెలా తీసుకొచ్చి చూపించాలన్నాడు. అప్ప అన్నిటికీ తలూపింది. ఇంటికొచ్చిన రోజే ఒడ్డున ఉన్న గంగమ్మ గుడి దగ్గర కొంగు పరిచి మొక్కుకుంది. ఏడాది పాటు ఈ మనిషి మందు ముట్టకుండా బతికి ఉంటే, మనిషి బరువు బెల్లం తూచి తల్లికి ఇస్తానంది. ఇక ఆవిడకు వేరే కోరిక లేదు.

బావ మానేశాడు. నిజంగానే మానేశాడు. మొదట్లో ఒళ్ళంతా వణుకు, చెమటలు, లేని పురుగుల్ని దులుపుకోవడం. అప్ప బజారు మానేసి పక్కనే కూర్చుంది. వణుకు తగ్గాక ముఖంలో వాపు దిగింది, బుగ్గలు లోపలికి పోయాయి. అప్పుడు చూడాలి మా ఊరి సంగతి. వచ్చినవాళ్ళు వచ్చినట్టే టీబీయా అని ఒకరు, ఇంకేదో రోగమా అని ఒకరు. తాగినన్నాళ్ళూ నిండుగా ఉండేవాడు, మానేసి చిక్కిపోయాడని ఒకావిడ అప్ప ముందే అంది. ఆవిణ్ణి గుమ్మం దాటించే దాకా నేను నోరు మూయలేదు.

అప్ప ఆ మాట మనసులో పెట్టుకుంది. బావకు తీపి మీద యావ పుట్టింది. అదివరకు తీపి అంటేనే గిట్టని మనిషి, చిన్నపిల్లాడిలా బెల్లం ముక్క అడిగి తీసుకునేవాడు. ఆవిడ బరంపురం నుంచి రోజూ ఛెనాపొడ, కాల్చిన జున్నులాంటి ఒడియావాళ్ళ మిఠాయి, కట్టించుకుని తెచ్చేది. కూరల్లో ఉప్పు వేయడం మానేసింది. చప్పిడి కూడు ఆయనకు గొంతు దిగేది కాదు. దానికి మా ఇళ్ళలో ఎప్పుడూ ఉండే ఉపాయమే అప్ప కూడా చేసింది. ఎండుచేపలు, కవళ్ళూ నెత్తళ్ళూ, నిప్పుల మీద కాల్చి చద్దన్నం పక్కన పెట్టింది. కూరలో ఉప్పు లేదు, డాక్టరు మాట నిలబెట్టానని ఆవిడ ధీమా. ఇంట్లో ఎవరికీ అందులో తప్పు కనబడలేదు.

బావ కోలుకున్నాడు. చేతులు నిలిచాయి, వల సూది పట్టాడు. తర్వాత ఒళ్ళు చేయడం మొదలుపెట్టాడు. చేపలు కొనే లక్ష్మణరావు ఐసు షెడ్డు ముందు పెద్ద కాటా ఉంటుంది. అప్ప చేపలు తూయించేటప్పుడు బావను కూడా పిలిచి దాని మీద నిలబెట్టేది. వారం వారం అంకె పెరుగుతుంటే ఆవిడ ముఖం చేటంత అయ్యేది. దిష్టి తగులుతుందని ఇంటికొచ్చి ఉప్పూ మిరపకాయలూ తిప్పి పోసేది. బరువు పెరుగుతుంటే ఆసుపత్రికి ఎందుకని నెలనెలా వెళ్ళడం కూడా ఆపేశారు.

ఇప్పుడు అప్ప ఎక్కడికి వెళ్ళినా ఆయన్ను వెంటబెట్టుకుని వెళ్ళేది. బరంపురం బజారుకు కూడా తీసుకొచ్చి తన బుట్ట పక్కన స్టూలు వేసి కూర్చోబెట్టింది. అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ మా ఆయన అని చెప్పింది. ఆ ఆనందం చూసి మా ఆయన్ను నేను కూడా రెండు మాటలన్నాను, నీ అన్నను చూసి నేర్చుకోమని.

ఒక్క విషయం మాత్రం నాకు కొత్తగా అనిపించేది. బావ చొక్కా పొట్ట దగ్గర బిగిసిపోతుంటే భుజాల దగ్గర వేలాడుతుండేది. చేతులు సన్నగానే ఉన్నాయి. ఇంకొకటి, పుట్టి బుద్ధెరిగాక లుంగీ మోకాళ్ళ పైకి ఎగ్గట్టి ఇసుకలో తిరిగిన మనిషి, మొక్కు నెల దగ్గర పడేసరికి వదులుగా ప్యాంట్లు కుట్టించుకుని వాటితోనే తిరగడం మొదలుపెట్టాడు. ఆఫీసరుగారొచ్చారని మా ఆయన ఆటపట్టించేవాడు. బావ నవ్వి ఊరుకునేవాడు.

మొక్కు నాడు లక్ష్మణరావు కాటాను మనుషుల చేత మోయించి గంగమ్మ గుడి ముందు పెట్టించాడు. రింకి మొగుడితో వచ్చింది. బరంపురంలో కొన్న బెల్లం దిమ్మలు అరటాకుల మీద పేర్చాం. బావను నిలబెట్టి అంకె చూశారు, దించి బెల్లం పెట్టారు. తెచ్చిన బెల్లమంతా పెట్టినా ఆయన బరువుకు చాలలేదు. జనం గొల్లుమన్నారు. కొట్టు నుంచి ఇంకా బెల్లం పట్రమ్మని అప్ప మా ఆయన్ను తరిమింది. ఈలోగా గుంపులో ఒక్కొక్కరి దగ్గరకూ వెళ్ళి చెప్పింది.

"మా ఆయన బరువుకి బెల్లం సాల్నేదు. సూసారా, సాల్నేదు."

అన్నేళ్ళలో నేను అప్పను అంత సంతోషంగా చూడలేదు. కాటా సరిపోయింది, కొబ్బరికాయ కొట్టారు. మొక్కు తీరాక ఆ మనిషి కాళ్ళు పసుపునీళ్ళతో కడగడం మా ఇంట్లో ఆనవాయితీ. బావను పీట మీద కూర్చోబెట్టాం. ప్యాంటు పైకి మడవబోతే ఆయన అప్ప చెయ్యి పట్టుకుని, ఒద్దులే, పాదాలు సాలు అన్నాడు. ఆవిడ వింటుందా? మోకాళ్ళ దాకా మడిచింది.

చెంబుతో నీళ్ళు పోస్తున్నది నేనే. పక్కన పిల్లలు బెల్లం కోసం తోసుకుంటున్నారు. అప్ప కాలు రుద్దుతూ రుద్దుతూ ఆగింది. ఆవిడ బొటనవేలు ఎముక మీద పడ్డచోట గుంట పడింది. పూడలేదు. అందులో పసుపునీళ్ళు నిలిచాయి. ఆవిడ ఇంకాస్త పైన నొక్కింది. అక్కడా గుంట పడింది, అక్కడా నీళ్ళు నిలిచాయి. అప్ప తలెత్తి బావ ముఖంలోకి చూసింది. బావ సముద్రం వైపు చూస్తున్నాడు.  చెంబు కింద పెట్టేశాను.

 ఆవిడ ప్యాంటు దించి, కొంగుతో పాదాలు తుడిచి, అందరికీ బెల్లం పంచింది. ఇంటికి వచ్చాక తలుపు వేసుకుని కూర్చుంది. మర్నాడు పొద్దున్నే ఆసుపత్రికి వెళ్ళాం.

డాక్టరు పొట్ట మీద వేళ్ళతో తట్టి చూశాడు. తాగుతున్నావా అని అడిగాడు. లేదన్నాడు బావ. మళ్ళీ అడిగాడు. అప్పుడు అప్పకు కోపం వచ్చి, ఏడాదిగా ఈ మనిషి వాసన నాకు తెలుసు, చుక్క ముట్టలేదని ఒడియాలో గట్టిగా చెప్పింది. డాక్టరు నమ్మాడు. పరీక్షలు చేయించి, కాలేయం ఎప్పుడో పాడైపోయిందని, మానేయబట్టే ఈ ఏడాదైనా గడిచిందని, పొట్టలో ఉన్నది కండ కాదు, నీరని చెప్పాడు. ఆ నీటిని ఉప్పు ఆపుతుందట. ఏం తింటున్నాడని అడిగాడు. అప్ప వరసగా చెప్పింది. ఎండుచేపల దగ్గరకు వచ్చేసరికి ఆయన రాయడం ఆపి తలెత్తాడు.

"అది ఉప్పు గాదు కదా బాబూ," అంది అప్ప. "సేప కదా."

ఆయన కసురుకోలేదు. కసురుకున్నా బాగుండేది. పొట్టలో సూది గుచ్చి నీరు తీశారు. సీసాల మీద సీసాలు నిండాయి. మంచం మీద బావ తగ్గిపోతూ వచ్చాడు. చివరికి డొక్కలు, గూడ ఎముకలు మిగిలాయి. మేం తూచి ఇచ్చిన బెల్లంలో సగం ఆ సీసాల్లోనే ఉన్నట్టనిపించి నేను ముఖం తిప్పుకున్నాను. అప్ప మాత్రం కళ్ళు తిప్పుకోకుండా చూసింది.

ఆ తర్వాత నీరు పట్టడం, తీయించడం. చప్పిడి మెతుకులు, నీళ్ళకు కూడా కొలత. పాత నేస్తాలు వచ్చి, ఎలాగూ ఇంతే కదా, ఒక గుక్క వేసుకోమన్నారు. ఒకడు చొక్కాలో సీసా కూడా పెట్టుకొచ్చాడు. బావ దాన్ని ముట్టలేదు. వాణ్ణి నేను చీపురు పట్టుకుని వీధి చివరదాకా తరిమాను.

అప్ప ప్రతి పొద్దున్నా ఒడ్డుకు బయలుదేరే ముందు అరుగు మీద ఆయన పక్కన కూర్చుని కాలు నొక్కి చూసేది. బాగానే ఉందనేది. ఒకనాడు నేను బుట్టతో పక్కనే నిలబడి ఉన్నాను. ఆవిడ నొక్కింది, గుంట పడింది. బాగానే ఉందని లేవబోయి లేవలేక అక్కడే కూర్చుండిపోయింది. నా చేత్తోనే ఉప్పు పెట్టాను మావా అని ఏడ్చింది. రోజూ వందల చేపలు నొక్కే దాన్ని, ఇంట్లో మనిషిని చూసుకోలేదని తల కొట్టుకుంది.

బావ ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఊరుకోయే కాసీ. నాను సూసుకున్నాను."

"ఏటి సూసుకున్నావు?"

"మొక్కుకి ముందే. కాలు నొక్కుకుంటే గుంట పడిపోతంది. నానూ సేపల్లో పుట్టినోన్నే కదే, నాకు తెల్దేటి?"

అప్ప ఏడుపు ఆగిపోయింది. మరి ఎందుకు చెప్పలేదని నేనే అడిగాను. బావ నా వైపు చూడలేదు, ఆవిడకే చెప్పాడు.

"నన్ను ఎంటబెట్టుకుని తిరగతన్నావు. మా ఆయన, మా ఆయన అని అందరికీ సూపిత్తన్నావు. పెళ్ళయ్యాక అదే మొదలు. అప్పుడేటని సెప్పమంటావు?"

అందుకా ప్యాంట్లు. నా చేతిలో బుట్ట ఉంది, దాన్ని ఏం చేయాలో నాకు తెలియలేదు. అప్ప ఆయన ప్యాంటు పాదాలదాకా దించింది, మడతలు సరిచేసింది. ఎల్లొత్తాను మావా అని చెప్పి లేచింది.

వానలు పోకముందే బావ పోయాడు. తాగి తాగి పోయాడని ఊరంది. ఆ మాటన్న ప్రతి ఒక్కరితోనూ నేను తగువు పెట్టుకున్నాను, ఇప్పటికీ పెట్టుకుంటాను. అప్ప మళ్ళీ ఒక్కతే తిరుగుతోంది, మళ్ళీ నాతో ఒడ్డుకు వస్తోంది. కాని చేపలు నొక్కి చూడడం మానేసింది. పడవవాడు ఏది పోస్తే అది బుట్టలో వేసుకుంటుంది. ఆవిడ ఆటో దగ్గరకు నడిచాక నేను వెనక కూర్చుని, ఆవిడ బుట్టలో చేపలు ఒక్కొక్కటే నొక్కి చూసి, గుంట పూడనివి తీసి పారేస్తాను.