పట్టుకునే మనిషే పడితే

కువైట్‌లోని ఫింటాస్‌లో నేను పనిచేసే ఇంట్లో నా పని ఒకటే: పెద్ద మామా పడిపోకుండా పట్టుకోవడం. ఇక్కడ ఇంటి యజమానురాలిని మామా అంటాం; పెద్ద మామా అంటే మా మామా వాళ్లమ్మ, ఎనభై దాటిన మనిషి. మంచం నుంచి స్నానాల గదికి, అక్కడినుంచి సోఫాకి, సోఫా నుంచి మళ్లీ మంచానికి. ఆవిడ రాజ్యమంతా అంతే, ఆ రాజ్యానికి చేతికర్రను నేను. కర్రకూ నాకూ తేడా, కర్రకు అన్నం పెట్టక్కర్లేదు.

పోయిన చలికాలం నుంచి ఆ కర్రే పడటం మొదలుపెట్టింది.

పడటం నాకు కొత్త కాదు. కష్టపడ్డాను, ఇబ్బందిపడ్డాను, వీసా ఇచ్చిన కఫీల్ గొంతు పెంచితే భయపడ్డాను, కడప మాటల్లో అరబ్బీ కలిపి వాగి సిగ్గుపడ్డాను. ప్రతిసారీ ముందు ఏదో ఒక మాట తోడుండేది. ఈసారి ఏ తోడూ లేకుండా ఒట్టిగా పడ్డాను. నేల తడిగా లేదు, తివాచీ ముడుచుకోలేదు, చెప్పు జారలేదు. కింద కూర్చుని బట్టలు మడతపెట్టి లేచాను. గోడ పక్కకు తప్పుకుంది, నేను నేలమీద ఉన్నాను.

మామాకి తెలిస్తే ఖలాస్, టికెట్ తీసి విమానం ఎక్కిస్తుంది. ఆమెను తప్పు పట్టలేను. పట్టుకోలేని మనిషిని పట్టుకోవడానికి ఎవరు పెట్టుకుంటారు? ఊరికి పోతే నేను పట్టుకునే మనిషిని కాను, పట్టుకోవలసిన మనిషిని. ఆ ఉద్యోగంలో అప్పుడే చేరాలని లేదు. అందుకని మామా దగ్గర నోరు మూసుకున్నాను. మిగతా లోకానికంతా చెప్పుకున్నాను. చెప్పుకున్నాకే తెలిసింది, లోకమంతా డాక్టర్లే.

మొదటి డాక్టరు మా ఇంటి డ్రైవరు, కోనసీమ అతను.

"అది గ్యాసండి అక్కా. పొట్టలో గాలి తలకెక్కేసుద్ది. సోడా తాగితే దిగిపోద్దండి."

"తలకు గాలెక్కినోళ్లంతా పడేట్టయితే నువ్వు పుట్టినకాడ్నించీ మంచం దిగకూడదు కదబ్బీ."

"నవ్వండి, నవ్వండి. మా మేనత్తక్కూడా ఇలాగేనండి."

"ఏమైంది ఆమెకు?"

"పోయిందండి. అంటే, అది వేరేదాంతో అనుకోండి."

రెండో డాక్టరు మంగఫ్‌లో ఉండే మా వైపు ఆడమనిషి. సెలవునాడు ఆమె గదికి పోతే నన్ను పైకీ కిందికీ చూసి తేల్చేసింది.

"దిష్టి తగిలిందక్కా నీకు."

"నన్ను చూసి కుళ్లుకునేదానికి నా దగ్గర ఏముందే? మోకాళ్ల నొప్పులా?"

"కువైట్‌లో ఉండావు కదా, చాలదా?"

"మరి నువ్వు యాడుండావే?"

దానికి జవాబుగా ఎండుమిరపకాయలు తీసింది. దిగదీసి పెనం మీద వేసేసరికి ఆ ఘాటుకు భవనంలో అలారం మోగి, అన్ని అంతస్తుల జనం దగ్గుకుంటూ మెట్లు దిగారు. అన్ని మెట్లు దిగినా నేను పడలేదు కాబట్టి దిష్టి పోయినట్టే అంది. మర్నాడు వంటింట్లో కింది అరలోంచి గిన్నె తీసుకుని లేస్తూ పడ్డాను.

చదువురాని వైద్యమే ఇట్లా ఉందనుకోవద్దు. పెద్ద మామా కూడా ఆ మధ్య పడింది. తీసుకుపోతే, అసలు డాక్టరు కుర్చీలోంచి కదలకుండా "వయసు" అని పంపేశాడు. వయసు ఆ ఇంట్లో పిల్లికీ వచ్చింది. అది ఇప్పటికీ గోడమీదే నడుస్తోంది.

మళ్లీ ఒకరోజు పెద్ద మామా సోఫా దగ్గర తూలితే పట్టుకున్నాను. పట్టుకున్నందుకు ఇద్దరం కలిసి కూలబడ్డాం. ఈసారి మామా ఇంకో క్లినిక్‌కు బయలుదేరదీసింది. అక్కడ ఒక ఈజిప్టు డాక్టరమ్మ. రోజంతా పక్కన ఉండేదాన్ని కాబట్టి నన్నే అడిగింది, ఈమె ఎప్పుడు పడుతుంది అని.

నా తెలివి అక్కడ వికసించింది. ఇద్దరికీ ఒకే జబ్బయి ఉంటుంది, నా లక్షణాలు ఆవిడ పేరుమీద చెప్తే వైద్యం తెలిసిపోతుంది, మామాకి అనుమానం రాదు. "కింద కూర్చుని లేచేటప్పుడు. కళ్లముందు నల్లగా అవుతుంది. పొద్దున మాత్ర వేసుకున్నాక మరీనూ," అన్నాను. తల తిరగడాన్ని అరబ్బీలో దోఖా అంటారు. హిందీలో దోఖా అంటే మోసం. నేను రెండు భాషల్లోనూ నిజమే చెబుతున్నాను.

డాక్టరమ్మ తలాడించి, అయితే పెద్దావిడ బీపీ మాత్ర సగానికి తగ్గిద్దామని కలం అందుకుంది.

నా రోగానికి ఆవిడ మందు తగ్గిపోతోంది. నోరు తెరిస్తే విమానం. తెరవకపోతే ఈవిడ ఏమవుతుందో.

"ఆ కళ్లు నావి," అన్నాను. "పడేది నేను."

ఫోను చూసుకుంటున్న మామా తలెత్తింది.

"చెప్పిందిలే, ఇప్పటికైనా," అంది పెద్ద మామా. "నేను కింద కూర్చోవడం ఎప్పుడో మానేశాను. కూర్చుంటే లేపడానికి ఇద్దరు కావాలి. ఉన్నది ఇదొక్కతే, ఇదేమో పడుతోంది."

డాక్టరమ్మ నన్ను కూర్చోబెట్టి బీపీ చూసింది, నిలబెట్టి మళ్లీ చూసింది. ఏ మాత్రలు వాడుతున్నావంది. సంచిలోంచి రెండు రకాలు తీశాను. ఒకటి మా ఊరి డాక్టరు రాసింది, సెలవుకు పోయినవాళ్లతో తెప్పించుకుంటాను. ఇంకోటి చలికాలంలో ఇక్కడి క్లినిక్‌లో ఇచ్చారు. ఊరి బీపీకి ఊరి మాత్ర, కువైట్ బీపీకి కువైట్ మాత్ర అనుకున్నాను. పొద్దున్నే రెండూ మింగేదాన్ని, ఒకటి నమ్మకం కొద్దీ, ఒకటి ఇచ్చింది పారేయడం ఎందుకని. ఆమె రెండు అట్టల వెనకా సన్నక్షరాలు చదివి చూపించింది. మందు ఒకటే. ఒకే మనిషి రెండు పేర్లతో ఇక్కడ ఉండేదానికి రెండు ఇఖామా కార్డులు తీసినట్టు.

"ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదా?"

"డాక్టరుకు తప్ప అందరికీ చెప్పాను."

ఒకటే ఉంచుకోమంది. తర్వాత పెద్ద మామా మేజోళ్లు విప్పించి, కళ్లు మూసుకోమని కాలివేళ్లు ఒక్కొక్కటే తాకింది. ఏ వేలు తాకిందో ఆవిడ చెప్పలేకపోయింది. షుగరువల్ల పాదానికి నేల తెలియడం లేదేమో, పరీక్ష చేయాలంది. వయసు అన్న మహానుభావుడు ఆ మేజోళ్లయినా విప్పించలేదు.

కారులో మామా ముందు, మేమిద్దరం వెనక.

"ఎందుకు చెప్పలేదు?" అంది మామా.

"చెప్తే ఖలాస్ అంటావని."

ఆమె ఫోను తీసింది. పనిమనుషుల్ని పంపే మక్తబుకు ఫోన్ చేస్తాను, కొత్త మనిషిని చూస్తారు అంది.

"వద్దు," అంది పెద్ద మామా. "ఇది ఎందుకు పడుతోందో తెలిసింది. కొత్తది ఎందుకు పడుతుందో మళ్లీ మొదటినుంచీ వెతకాలి. అంత ఓపిక నాకు లేదు."

మామా ఫోను బ్యాగులో వేసుకుంది. మక్తబుకు ఫోను పోలేదంటే నా పని ఉన్నట్టే.

ఇంటిముందు డ్రైవరు తలుపు తీసి, తొందరగా దిగమని యల్లా, యల్లా అన్నాడు.

"ఉండబ్బీ. ఆమె కాలు నేలను ఎతుక్కుంటాంది."

పాదం ఆనిందో లేదో వంగి చూసి చెప్పాను. వంగినదాన్ని కదా, లేవడానికి కాస్త సేపు తీసుకున్నాను. ఆవిడ నా భుజం పట్టుకుని అంతసేపూ ఆగింది.