అయ్యవారి డబ్బాలో పడని మనుషులు

నా పేరు నాగులమ్మ. వయసు డెబ్బై దాటింది, ఎంత దాటిందో చెప్పేవాళ్లు లేరు. జమ్మలమడుగు నేతవీధిలో మా ఇల్లు. ఇంట్లో నేను, నా మొగుడు, కొడుకు, కోడలు, రెండు గుంత మగ్గాలు. నాకు అక్షరం రాదు. నేను చెబుతుంటే కోడలు రాస్తోంది. నేను చెప్పింది ఏదీ వదలవద్దని ముందే చెప్పాను.

మా ఎదురింటి డ్రాయింగు అయ్యవారు మొన్న శుక్రవారం పొద్దున పోయారు. గుండె ఆగిందన్నారు. కబురు విని నాకు ఏడుపు రాలేదు, భయం పట్టుకుంది. ఆయన భార్య ఇనప పెట్టె పెరట్లోకి ఈడ్చి, అందులోని ఆయన తీసిన ఫోటోలన్నీ పదో దినానికి ముందే పెన్నేట్లో పారేస్తానంటోంది. అవి అపశకునమని ఆమెకు నూరిపోసింది ఈ వీధి. వీధికి ఆ మాట నేర్పింది నేను. అందుకే ఈ కాగితం.

నాలుగేళ్ల కిందట, బడి నుంచి రిటైరైన కొత్తలో, ఆయన మా ఇంటికొచ్చి సన్న సూది అడిగారు.

"ఏం కుడతావప్పా అయ్యోరా?"

"కుట్టేదానికి గాదక్కా, ఫోటో తీసేదానికి ఈ డబ్బాకు కన్ను పొడవాల."

బిస్కెట్ల డబ్బా అది. లోపలంతా నల్లరంగు. ముందుపక్క కూల్‌డ్రింకు టిన్ను నుంచి కత్తిరించిన రేకుముక్క. దానికి మా సూదితో బెజ్జం పొడిచి, పైన నల్ల టేపు అంటించారు. అద్దం లేదు, నొక్కే బటను లేదు. దుప్పటి కప్పుకుని డబ్బాలో ఫోటో రీలు తొడిగి, చెమటలతో బయటికొచ్చి, "ఎన్నడూ చేసింది గాదు, రీలు దండగైతే నవ్వగాకండి" అన్నారు. బెజ్జం ఎంత సన్నదైతే చూపు అంత తేట అని ఆయన అనేవారు. పిల్లలకు బొమ్మలు నేర్పినంత ఓపికగా మాకూ చెప్పారు.

మొదట నా మొగుణ్ణి తీస్తానన్నారు. మగ్గంలోనే కూర్చోమన్నారు.

"ఒకటి నుంచి మూడు వందల దాకా ఎంచుతా. అంతదాకా కదలగూడదన్నా."

ఆ మాటకే నాకు భయం పుట్టింది. మా ఇంట్లో ఫోటో అంటే పోయినవాళ్లకే. మా అత్తనూ మామనూ కుర్చీలో కూర్చోబెట్టి, గడ్డం కింద గుడ్డ కట్టి, వెనక నుంచి తల పట్టుకుని తీయించాం. కదలకుండా కూర్చునేది వాళ్లు. బతికున్న మనిషిని అట్లా కూర్చోమంటే ఏమనాలి? గడప పట్టుకుని నిలబడ్డాను.

ఆయన టేపు తీసి ఎంచడం మొదలుపెట్టారు. ముప్పై దాటకముందే నా మొగుడి చేయి దానంతటదే తాడు లాగింది. కాళ్లు తొక్కాయి. గుంతలోకి కాళ్లు దించి చేతులు ముడుచుకోవడం నేతగాడికి చేతకాదు. అయ్యవారు వద్దనలేదు. ఏమవుతుందో ఆయనకూ తెలియదు.

ప్రొద్దుటూరు స్టూడియోలో రీలు కడిగించి తెచ్చారు. మిగతావన్నీ నల్లగా పోయి, ఇదొక్కటే వచ్చింది. మగ్గం ఉంది, నేసిన బట్ట ఉంది, గోడకు తగిలించిన తువ్వాలు ఉంది. నా మొగుడు లేడు. ఆయన ఉండాల్సిన చోట పొగలాంటిది ఉంది.

నేను వీధిలోకొచ్చి అరిచాను. "నా మొగున్ని యాడ పెట్టినావయ్యా? ఖాళీ మగ్గం చూపిస్తాండావే!"

"కదిలినోళ్లు దీంట్లో పడరక్కా. అన్న పనిలో ఉండాడు గాబట్టే పడలే."

లోపల్నుంచి నా మొగుడు, "నేనీడే ఉండానే! అయ్యోర్ని ఇడిసిపెట్టి బువ్వ పెట్టు" అన్నాడు. వీధంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆ ఏడాదంతా మగ్గం చప్పుడు ఆగితే చాలు, లేచి పోయి చూసేదాన్ని. ఆ డబ్బా ముందు పడితే మనిషి మాయమవుతాడని ఇంటింటికీ చెప్పాను. ఆయన డబ్బా పట్టుకుని వస్తే తల్లులు పిల్లల్ని లోపలికి లాక్కునేవాళ్లు. మళ్లీ ఆయన ముందు ఎవరూ కూర్చోలేదు. ఆయనా అడగలేదు. తెల్లవారుజామున డబ్బాను అరుగు మీద పెట్టి, పక్కన ఒక్కడే కూర్చునేవారు. రీళ్లు దొరకడం లేదని, కడిగేవాడు విసుక్కుంటున్నాడని మాత్రం నా మొగుడితో చెప్పుకునేవారు.

రోజూ మా గడప ముందు ఆగి, "అన్న బాగుండాడా?" అని అడిగేవారు. నా మొగుడు ఇంకా పోలేదా అని కనుక్కుంటున్నారనుకునేదాన్ని. ఆయన పోయిన మూడో దినం భార్య చెప్పింది: "పొద్దున మీ మగ్గం సప్పుడు ఇనపడేదాకా కాపీ గూడా తాగుతాండ్లేదక్కా. నువ్వన్న మాట శానా పట్టుకునింది ఆయన్ని." నా నోటి భయం ఆ మంచి మనిషి కడుపులో నాలుగేళ్లు ఉంది. దానికి నేను ఎవరి కాళ్లు పట్టుకోవాలి?

వీధివాళ్లారా, నేను చెప్పింది తప్పు. పారేయమని ఆమెను తొందరపెట్టకండి.

నిన్న పెరట్లో ఆమె పక్కన కూర్చున్నాను. చేతికందిన ఫోటో తీసి నా ఒళ్లో పడేసింది. తెల్లవారుజామున మన వీధి. గుంజల మధ్య సాగదీసిన పడుగు, దారప్పోగులు ఒక్కొక్కటీ లెక్కపెట్టవచ్చు. ఒక్క మనిషీ లేడు.

"సూడక్కా, ఊరంతా సచ్చినట్టుండాది. రేత్రి తల్చుకుంటే నిద్ర పట్టదు. ఇట్లాంటిది ఇంట్లో పెట్టుకోమంటావా?"

నాకూ భయం పోలేదు. అయినా చెప్పాను. "ఎవరూ సావలేదమ్మా. ఆ పొద్దు ఆ పడుగుకు గంజి పెట్టి కుంచె తోసింది నేనూ నా కొడుకూ. ఈ కొస నుంచి ఆ కొసకు తిరుగుతాంటిమి. అందుకే పడలే. మేమంతా ఈడే ఉండాం."

ఆమె ఫోటోను తన వైపు తిప్పుకుంది. "మరి నేను యాడుంటినక్కా?"

వేలితో వెతికాను. వాళ్ల వాకిట్లో అప్పుడే వేసిన ముగ్గు తెల్లగా ఉంది. చుక్కలన్నీ తేటగా ఉన్నాయి, వేసిన చేయి లేదు. "ఈడ" అన్నాను. ఆమె ఆ ముగ్గు మీద వేలు పెట్టింది. పొద్దెక్కి ఎండ మా మీదికొచ్చినా తీయలేదు.

ఇది నా మాటే: నాగులమ్మ, ఎడమ బొటనవేలి ముద్ర.
చూసినవాళ్లు: ఓబులేసు, నా మొగుడు, మగ్గం దిగి వచ్చి. ఫాతిమాబీ, పక్కింటావిడ.
రాసింది: కోడలు లక్ష్మీదేవి.