ముప్పై ఒకటో తారీఖు సంతకం

అది 2023 ఆగస్టు. సిరుగుప్ప తాలూకాలో, కాలువ కింద వరి పండే ఊళ్ళ మధ్య ఒక చిన్న సర్కారీ ఆసుపత్రి. పేరు చెప్పను. అక్కడి ల్యాబ్ టెక్నీషియన్ వీరేశప్ప మూడో తారీఖున సెలవు పెట్టి గుండె ఆపరేషన్‌కు బళ్ళారి వెళ్ళారు. ఎనిమిదిన అక్కడే పోయారు. కొత్తవాళ్ళు దొరికేదాకా చూసుకొమ్మని నన్ను డెప్యుటేషన్ మీద పంపితే, పదిహేడున చేరాను. అప్పటికి నాది పంతొమ్మిదేళ్ళ సర్వీసు. పనిలో చాదస్తమనీ, కోపం ముక్కు మీదే ఉంటుందనీ పేరు. రెండూ నిజమే.

ఆ రెండు వారాలూ ల్యాబ్‌ను నడిపింది అటెండర్ హుసేన్‌బీ. యాభై దాటిన మనిషి. గ్లాసు గొట్టాలు కడగడానికి చేరి, వీరేశప్ప పక్కన పదిహేనేళ్ళు నిలబడి, చూసి చూసి షుగర్ పరీక్ష చేయడం నేర్చుకుంది. టెక్నీషియన్ లేడని రోగులు రాకుండా ఆగరు కదా. నేను వెళ్ళేసరికి ఆమె ఒక ఇనప కుర్చీని తడిగుడ్డతో తుడుస్తోంది. అలవాటుగా అందులో కూర్చోబోయాను.

"అది సారుది మేడమ్," అని స్టూల్ ముందుకు జరిపింది.

సరేలే, బాధలో ఉందనుకుని స్టూల్ మీద కూర్చుని క్యూసీ రిజిస్టర్ తెరిచాను. మా పనిలో ఇది మొదటి మెట్టు. పొద్దున రోగుల రక్తం ముట్టుకునే ముందు, చక్కెర ఎంతుందో ముందే తెలిసిన ఒక ద్రవాన్ని మెషిన్‌లో పరీక్షిస్తాం. దాన్ని కంట్రోల్ అంటాం. వచ్చిన నంబరు రిజిస్టర్లో రాసి సంతకం పెడతాం. అది రోజుకు కాస్త అటూఇటూ మారుతుంది, బాటిల్ మీద రాసిన హద్దులో వస్తేనే ఆ రోజు మెషిన్‌ను నమ్మేది.

ఆగస్టు పేజీ నిండుగా ఉంది. పదిహేడుకు ఎదురుగా 97. పద్దెనిమిదికి 103. అలా ముప్పై ఒకటి దాకా, ప్రతి గడిలో ఒక నంబరు, పక్కన వీరేశప్ప సంతకం. ఆదివారాలూ, పదిహేనో తారీఖూ వదిలేసి మరీ రాశారు. ఎనిమిదిన పోయిన మనిషి ముప్పై ఒకటిన సంతకం పెట్టి ఉన్నాడు. ఒళ్ళు జలదరించింది.

మరుక్షణం కోపం వచ్చింది. ఈ రోగం నాకు తెలియనిది కాదు. నెలాఖరున తనిఖీకి వచ్చేవాళ్ళు ఖాళీ గడి కనిపిస్తే ఊరుకోరు. తాను లేనప్పుడు హుసేన్‌బీని నిలదీస్తారని ఆయన సెలవుకు ముందే నెలంతా నింపి పోయుంటారు. మంచి మనసే కావచ్చు, కానీ కంచే చేను మేసినట్టు కాదా ఇది? పేజీ కొట్టేద్దామని పెన్ను తీసి, చనిపోయిన మనిషి రాత మీద గీత పెట్టలేక మూసేశాను. వేరే కాగితం మీద నా నంబర్లు రాసుకుందామనుకున్నాను.

కంట్రోల్ వేశాను. మెషిన్ మీద ఆకుపచ్చ అంకెలు వెలిగాయి. 97.

కాకతాళీయం అనుకున్నాను. మర్నాడు 102 వచ్చింది. ఆయన రాసింది 103. పంతొమ్మిదిన ఆయన రాసింది 94, నాకు వచ్చింది 94. మధ్యలో ఆదివారం పోయింది. సోమవారం బస్సులో వస్తూ, ఈరోజు మాత్రం తప్పాలి దేవుడా అని మొక్కుకున్నాను. కంట్రోల్ తప్పాలని మొక్కుకున్న టెక్నీషియన్ ఈ భూమ్మీద నేనొక్కదాన్నే అయుంటాను. గడిలో 101 ఉంది. మెషిన్ 101 చూపించింది.

"అక్కా, సారు రాసిపెట్టిన నంబరే వస్తాంది చూసినావా?" అన్నాను.

హుసేన్‌బీ గొట్టాలు కడుగుతూ తలెత్తలేదు. "సారు రాసినాడు గద మేడమ్. వస్తాది," అంది, తెల్లారితే పొద్దు పొడుస్తుందన్నంత మామూలుగా.

బయట ఎండ. కాలువ గట్టు మీద మనిషి జాడ లేదు. తుడిచిన ఇనప కుర్చీ నాకు ఎదురుగా ఉంది. దయ్యాల్లేవని ఇంట్లో పిల్లలతో వాదించే నేను, ఆరోజు స్టూల్‌ను గోడకు ఆనించుకుని, వీపు వెనక చోటు లేకుండా కూర్చున్నాను. సిగ్గుగానే ఉంది చెప్పడానికి.

ఇరవై రెండో తారీఖు, మధ్యాహ్నం పన్నెండు. దేశనూరు వైపు నుంచి ఒక ట్రాక్టర్ వచ్చి ఆగింది. ఎర్రిస్వామి అనే రైతును ఇద్దరు రెక్కలు పట్టుకుని దించారు. ఆయన నాకు గుర్తే. షుగర్ మనిషి. పన్నెండో తారీఖున హుసేన్‌బీ చేస్తే 270 వచ్చిందని డాక్టర్ మాత్ర పెంచారు. పద్దెనిమిదిన నేను చేస్తే 262. తగ్గలేదని ఇంకా పెంచారు. ఆ 262 కింద సంతకం నాది.

"ఏమైందమ్మా?" అని ఆయన భార్య హనుమక్కను అడిగాను.

"నాట్లేస్తాంటిమి మేడమ్. నడి మడిలో నిలబడిపాయ. పిలిస్తే పలకడు. పోయిన వాళ్ళన్నతో మాట్లాడతాండాడు. నన్ను జూసి ఎవురు నువ్వు అన్యాడు. గాలి సోకిందంటాండారు మావోళ్ళు. మంత్రమేసే తాత దగ్గరికి పిల్చుకపోదామంటే, నేనే మొదలు ఈడికి తెచ్చినా."

రక్తం తీస్తుంటే ఆయన చేయి మంచులా ఉంది. చొక్కా పిండితే నీళ్ళు కారేలా తడిసింది. చూపు మాత్రం నన్ను దాటి ఇనప కుర్చీ మీద ఉంది.

"ఆ సారును లేయమనప్పా," అన్నాడు, ఎవరితోనో. "ఆ యమ్మ స్టూల్ మీద కూసున్యాది. జర లేయమను."

హుసేన్‌బీ చేతిలోని ట్రే ఠంగుమని కింద పడింది. నేనూ కుర్చీ వైపు చూశాను. అయినా చేతులకు అలవాటైన పని చేతులు చేసుకుపోయాయి. పావుగంటకు మెషిన్ 81 చూపించింది. మామూలు మనిషి షుగర్.

డాక్టర్ కుర్రాడు, మంచివాడు. ఉన్న ఒక్క గ్లూకోమీటర్‌కూ స్ట్రిప్పులు అయిపోయి నెల. ఆయనకు నా నంబరు తప్ప వేరే దారి లేదు. "షుగర్ సరిగానే ఉంది. మెదడుకు ఏదో అయ్యుంటుంది, బళ్ళారికి రాసిస్తాను," అన్నారు. బళ్ళారి అనగానే ట్రాక్టర్ దగ్గరున్న బంధువులు, ఆ గంటన్నర దారి పోయేదానికన్నా తాత దగ్గరికే మేలని ఎర్రిస్వామిని మళ్ళీ లేపుతున్నారు.

నేను 81ని చూశాను. తడిసిన చొక్కాను చూశాను. చల్లటి చెమట, తికమక, మనుషుల్ని గుర్తుపట్టకపోవడం. షుగర్ పడిపోయిన మనిషి ఎలా ఉంటాడో పంతొమ్మిదేళ్ళుగా చూస్తున్నాను. నంబరు ఒకటి చెబుతోంది, మనిషి ఇంకొకటి చెబుతున్నాడు. మెషిన్ మాట వింటే ఈయన ట్రాక్టర్‌లోనే పోతాడు.

"సార్, నా నంబరును నమ్మొద్దు. గ్లూకోజ్ ఎక్కించండి," అన్నాను.

"మీరే కదమ్మా ఇచ్చింది?"

"నేనే ఇచ్చినా సార్. నమ్మొద్దు."

ఆయన ఒక్క క్షణం నా ముఖం చూసి, "ఎక్కిస్తే పోయేదేముంది," అని సిరంజి అందుకున్నారు. అది సగం ఎక్కగానే ఎర్రిస్వామి కళ్ళు కదిలాయి. మొత్తం అయ్యేసరికి చుట్టూ చూసి, "ఏమే, మడిలో నీళ్ళు కట్టినారా?" అన్నాడు. హనుమక్క ఆయన కాళ్ళకంటిన బురదను కొంగుతో తుడుస్తూ ఏడ్చింది.

నేను ల్యాబ్‌లోకి పోయి నా చేతినుంచి నేనే రక్తం తీసుకున్నాను. నాకు షుగర్ లేదు. ఏడింటికి రెండు ఇడ్లీలు తిన్నాను. తొంభై చుట్టూ రావాలి. 158 వచ్చింది. అంటే ఎర్రిస్వామి 81 నిజానికి యాభై లోపే. అప్పుడు తెరిచాను మెషిన్‌లో ఫ్యాక్టర్ పేజీని. చక్కెరను బట్టి ముదిరే రంగును మెషిన్ చూస్తుంది, ఆ రంగును ఏ అంకెతో హెచ్చించి నంబరు చెప్పాలో అందులో ఉంటుంది. అది ఉండాల్సిన దానికి ఒకటిన్నర రెట్లు మించి ఉంది. చేరిన రోజే చూడాల్సిన పేజీ. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాను.

"అక్కా, దీన్ని ఎవరు మార్చినారు?"

"నేనే మేడమ్," అంది హుసేన్‌బీ, ఏ దాపరికమూ లేకుండా. "రోజూ మీకంటే ముందే ఎనిమిదికొచ్చి మెషిన్ ఏస్తా గద. నంబరు దినామూ తగ్గుతాండె. సారు చెప్పినాడు, చెప్పిన నంబరు వచ్చేదాకా ఈడ ఒత్తల్ల అని. పుస్తకంలో సూసి, అది వచ్చేదాకా ఒత్తి పెడతాంటి."

వీరేశప్ప ఆ మాట చెప్పింది స్టాండర్డ్ గురించి. మెషిన్‌ను సరిదిద్దే ద్రవం అది, దాని నంబరు ఎప్పుడూ నూరే. ఆ బాటిల్ అయిపోయి, కొత్తది కావాలని ఇండెంట్ పెట్టినా రాలేదు. ఉన్న ఒక్క కంట్రోల్ బాటిల్ కూడా, పొడిలో నీళ్ళు కలిపిన కొద్ది రోజుల్లో వాడి పారేయాల్సింది. వేరేది లేక నేనూ దాన్నే వాడాను. అందులో చక్కెర రోజురోజుకూ పాడైపోతుంటే, ఆమె రోజురోజుకూ మెషిన్‌ను పైకి నెడుతూ వచ్చింది. పోయిన మనిషి రాత తప్పు కాకూడదని.

నాకు ఆమె మీద కోపం రాలేదు. పదిహేనేళ్ళలో ఆమెకు ఒక్క రోజు కూడా ఎవరూ కూర్చోబెట్టి పని నేర్పలేదు. వీరేశప్ప రోజు రాకముందే సంతకం పెట్టారు. నేను రోజు వచ్చాక కూడా చూడకుండా పెట్టాను. నాది ఏ రకంగా మేలు?

పెంచిన మాత్ర షుగర్‌ను మళ్ళీ దించొచ్చని ఎర్రిస్వామిని అంబులెన్స్‌లో గ్లూకోజ్ సెలైన్‌తో బళ్ళారి పంపారు, మూడో రోజున ఇంటికొచ్చాడు. కుర్చీలో సారు సంగతి ఆయనకు గుర్తే లేదు. జరిగిందంతా నా సంతకంతో సహా రాసి పైకి పంపాను. ఆ నెలలో షుగర్ చేయించుకున్న వాళ్ళందరి ఇళ్ళకూ నేనూ హుసేన్‌బీ తిరిగి, మళ్ళీ పరీక్షకు పంపాం. ప్రతి గడపలోనూ నాకంటే ముందు ఆమే చెప్పింది, "తప్పు అయ్యింది నాయనా" అని. కొత్త కంట్రోల్ వచ్చేదాకా ల్యాబ్‌లో షుగర్ చేయలేదు.

సెప్టెంబర్‌లో బాటిళ్ళు వచ్చాయి. కొత్త పేజీ తీసి, ఒక్క తారీఖు మాత్రమే రాసి, ద్రవం కొలిచి వేసే పైపెట్ ఆమె చేతికిచ్చాను. ఆమె వేసింది. మీట నొక్కే ముందు ఖాళీ గడి వైపు చూసి భయంగా అడిగింది.

"ఈపొద్దు ఎంత రావల్ల మేడమ్?"

"సరిగ్గా ఎంతో నాకూ తెలీదక్కా. ఒత్తు, చూద్దాం."

ఆమె నొక్కింది. ఆ అంకెలు వెలిగేదాకా ఇద్దరం మెషిన్ మీదికి వంగి నిలబడ్డాం. ఇప్పటికీ నా పేజీలో రేపటి గడి ఖాళీగానే ఉంటుంది. ఎక్కడైనా అది నిండి కనిపిస్తే మాత్రం, నాకు మళ్ళీ స్టూల్‌ను గోడకు ఆనించుకోవాలనిపిస్తుంది.