పెళ్ళికుండల రంగు

స్టీలు బిందెలు వచ్చాక మా కుండలు అడిగేవాళ్ళు తగ్గిపోయారు. పెళ్ళిళ్ళలో అరివేణి కుండలకు మాత్రం మేళతాళాలతో మా ఇంటికే వచ్చేవారు. కాల్చిన కుండకు సున్నం పూసి, దానిమీద ఎరుపు, పసుపు, ఆకుపచ్చ గీతలు తీర్చే పని నాది. అప్పటికి నాకు పద్దెనిమిదేళ్ళు, నా చేతిపని మీద బోలెడంత పొగరు.

ఆ ఎండాకాలం నాన్న కుండలు చేసే సారె ఎత్తి గోడకు ఆనించేస్తానన్నాడు. కడియం నర్సరీలో కూలికి పోతాడట. నాకు ఒళ్ళు మండింది. కూలికి పోయేబదులు ఆ నర్సరీకే ముస్తాబు చేసిన పూలకుండీలు ఇద్దామని పట్టుబట్టాను.

అరడజను కుండీలకు పెళ్ళికుండల్లాగే రంగులు వేసి పట్టుకెళ్ళాం. నర్సరీ ఆయన చూసి ముచ్చటపడ్డాడు. తర్వాత ఒకదానిమీద చెంబుడు నీళ్ళు పోశాడు. సున్నమూ రంగులూ కలిసి కిందికి కారిపోయాయి.

"పెళ్ళయితే మూడురోజుల ముచ్చటమ్మా. మొక్కకి రోజూ నీళ్ళు పొయ్యాలి కదా," అని నవ్వాడు.

కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు అంటారు. మాకు గుదియకర్ర కూడా అక్కర్లేకపోయింది, చెంబుడు నీళ్ళే చాలాయి. ఇంటికొచ్చాక నాన్న, "ఇంకొక్క ఆవం కుండీలు కాలుస్తాను. ఆ తర్వాత నన్నడక్కు," అన్నాడు.

సరే, ఏం చేసినా కాల్చకముందే చెయ్యాలనుకున్నాను. జేగురుమన్ను నీళ్ళలో కలిపి ఎండిన కుండీకి పూస్తే మర్నాటికి పెచ్చులు లేచింది. పచ్చి కుండీమీద దువ్వెనతో గీస్తే సొట్టపోయింది. "నీ తలకి లేని దువ్వెన దానికెందుకే?" అని అమ్మ దెప్పింది. నేను వింటేగా! పాడైనదాన్నల్లా నానబెట్టి, తొక్కి, ముద్దచేసి నాన్న ముందు పెట్టేదాన్ని. ఆయన మళ్ళీ సారె ఎక్కించేవాడు.

చివరికి దారి చూపించింది ఒక పాత మట్టి మూకుడు. పచ్చిగా ఉన్నప్పుడు వడ్లు ఎండబోసిన చోట బోర్లించారేమో, దాని అంచున గింజ అచ్చొకటి పడి ఉంది. గింజ ఆవంలో కాలిపోయింది, అచ్చు అలాగే ఉండిపోయింది.

గుప్పెడు వడ్లు తెచ్చుకుని, సగం ఆరిన కుండీ చుట్టూ వరి వెన్నుల్లాగా ఒక్కో గింజే అద్దాను. గట్టిగా అదిమితే కుండీ గోడ పగిలేది, మెల్లగా అదిమితే గింజ రాలేది. వేలికొసలు కమిలిపోయినా నాలుగు కుండీలు పూర్తిచేశాను.

అవి కాలాక మళ్ళీ కడియం వెళ్ళాం. నర్సరీ ఆయన చెంబు అందుకునేలోపే నేను లాక్కుని నీళ్ళు పోశాను. ఒక చెంబు, ఇంకో చెంబు. వెన్నులు చెక్కుచెదరలేదు. ఏడుపొచ్చింది నాకు.

"ఇలాంటివి ఎన్ని ఇవ్వగలరండీ?" అని ఆయన నాన్నని అడిగాడు. నాన్న ఇంటికెళ్ళి చెబుతానన్నాడు.

ఇంటికొచ్చి తిన్నగా సారె దగ్గర కూర్చుని మన్నుముద్ద పెట్టాడు. బాగా చేశావనలేదు. నాకు ఊహ తెలిశాక సారె పని గురించి నన్ను ఒక్క మాటా అడగని మనిషి, తలెత్తి చూసి, "గోడ ఎంత మందం ఉండాలే, నీ గింజలకి?" అన్నాడు.