కూర్చున్న చోటే సైకిలు

పెడల్ మాస్టర్ అంటే ఆ జిమ్ముకొచ్చే అందరికీ తెలుసు. చిన్నప్పుడు సైకిల్ షాపులో పంక్చర్లు వేశాడు, పెద్దయ్యాక కదలని సైకిళ్ల మీద జనాన్ని తొక్కిస్తూ ఇరవయ్యేళ్లు గడిపాడు. చేతి వాచీలు తమంతట తామే వ్యాయామాన్ని పసిగట్టడం మొదలుపెట్టాక అతని నోటికి పని ఎక్కువైంది.

"అది మీ కాళ్లను చూడదండీ, ఉండేది మణికట్టు మీద కదా!" అనేవాడు. "చెయ్యి హ్యాండిల్ పట్టుకుని కదలదు. అడుగులు పడవు. గుండె మాత్రం పది నిమిషాలుగా పరుగెడుతోంది. అయితే ఈయన గదిలో సైకిల్ తొక్కుతున్నాడని లెక్క కట్టేస్తుంది. ఎంత తెలివైనదైనా, ఊహే!"

ఆ చివరి మాట అందరికీ చెప్పాడు గానీ తనకు తాను చెప్పుకోలేదు. దాని ఫలితం అతని అక్క అనుభవించింది.

తల్లి పోయాక అతన్ని పెంచింది అక్కే. రెండు వీధుల అవతల బట్టలు కుట్టే దుకాణం ఆమెది. పొద్దస్తమానం కూర్చునే పని, నడకే లేదని బెంగపడి వాచీ కొనిచ్చాడు. దాని కబుర్లన్నీ తన ఫోనుకు వచ్చేలా పెట్టుకున్నాడు.

ఒక మధ్యాహ్నం ఫోను చూస్తే, ఇండోర్ సైక్లింగ్, పద్దెనిమిది నిమిషాలు! పడీ పడీ నవ్వి అక్కకు ఫోన్ చేశాడు.

"ఏంటక్కా, నాకు చెప్పకుండా సైకిల్ కొన్నావా?"

"సైకిలేంట్రా? కుర్చీలోంచి లేస్తే కదా!"

"అయితే కుట్టుమిషన్ తొక్కి ఉంటావు. పిచ్చి వాచీ, అదీ సైకిలే అనుకుంది."

అక్క ఒక్క క్షణం ఆగి, తనూ నవ్వింది.

ఆ మిషన్‌కు మోటారు బిగించి ఏడాది దాటింది. బిగించింది స్వయానా మాస్టరే. ఆ సంగతి అతనికి తట్టనేలేదు. ఆ నెలలో అదే కబురు ఇంకో నాలుగుసార్లు వచ్చింది. "మా అక్క కుర్చీలో కూర్చునే మీ అందర్నీ దాటేసింది!" అని జిమ్ములో చెప్పి నవ్వించాడు. నవ్వించడం అతనికి వెన్నతో పెట్టిన విద్య.

ఒకరోజు గుడ్డ కత్తిరిస్తూ కత్తిరిస్తూ అక్క పక్కకు ఒరిగిపోయింది. గుండె లయ తప్పి కొట్టుకుంటోందని, అందులో గడ్డకట్టిన రక్తం తలకు చేరి పక్షవాతం వచ్చిందని డాక్టరమ్మ చెప్పింది. వాచీ వివరాలు చూసి, "గుండె ఇన్నిసార్లు ఇలా పరుగెడితే ఎవరూ చూళ్లేదా?" అని అడిగింది. మాస్టర్ తల దించుకుని ఫోను జేబులో పెట్టేసుకున్నాడు.

అక్క బతికింది గానీ, కత్తెర పట్టిన కుడిచెయ్యి మళ్లీ లేవలేదు. ఇప్పుడతను జిమ్ము నుంచి రోజూ తిన్నగా అక్క దగ్గరికే వెళ్లి ఆ చేతికి కసరత్తు చేయిస్తాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమేనని అతనికీ తెలుసు.

ఒక సాయంత్రం ఇక ఉండబట్టలేక అడిగేశాడు.

"కుర్చీలోంచి లేవలేదని చెప్పావు కదక్కా. ఒంట్లో ఎలా ఉందని నేనొక్క మాట అడిగుంటే?"

అక్క మాట ఇంకా తడబడుతోంది. "గుండె దడదడలాడేదిరా. చెబుదామనే అనుకున్నా. నువ్వు నవ్వావు. ఇవన్నీ తెలిసినవాడివి, నువ్వే నవ్వుతుంటే నాకు భయమెందుకులే అనుకున్నా."

ఆ గొంతులో నిష్ఠూరం లేదు. నాలుగు తిట్లు తిట్టినా బాగుండేదనిపించింది అతనికి. ముడుచుకున్న ఆమె వేళ్లను ఒక్కొక్కటే సాగదీస్తూ కూర్చున్నాడు.