సోఫియా పక్కన పెట్టని పరీక్ష

మదనపల్లెలో ఆసుపత్రులకు సాఫ్ట్‌వేర్ తయారుచేసే చిన్న కంపెనీలో సోఫియా ప్రోగ్రామర్. వాళ్లమ్మ మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. మందుల విషయంలో ఆమెకున్న పట్టింపే కూతురికీ వచ్చిందని ఆఫీసులో అనుకునేవారు.

వాళ్ల సాఫ్ట్‌వేర్ పుంగనూరు, గుర్రంకొండ, కుప్పం ఊళ్లలోని చిన్న ఆసుపత్రుల్లో నడుస్తుంది. ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో మందు కవర్ల మీద అంటించే చీటీలు ముద్రించి ఇస్తుంది. అందులో ఏ మార్పు చేసినా, కంపెనీలోనే పనిచేసే అమానుల్లా దాన్ని పెన్‌డ్రైవ్‌లో జేబులో వేసుకుని బస్సెక్కేవాడు. ఊరూరా తిరిగి, కంప్యూటర్లలో పాత ఫైళ్లు తీసేసి కొత్తవి పెట్టి వచ్చేవాడు.

ఒకసారి కుప్పంలో ఒక ఫైలు పాతదే మిగిలిపోయింది. మర్నాడు పొద్దున వేసుకోవలసిన మాత్రకు ‘రాత్రి’ అని చీటీ వచ్చింది. గంగులమ్మ అనే పెద్దావిడ చేతికి కవరు అందుతుండగా, మందులిచ్చే మార్తమ్మ చూసి వెనక్కి తీసుకుంది కాబట్టి సరిపోయింది.

కంపెనీ యజమాని భరత్, అమానుల్లా మీద విరుచుకుపడ్డాడు. అమానుల్లా తలెత్తలేదు. సోఫియాకు అది నచ్చలేదు. తర్వాతిసారి తానూ అతనితో కుప్పం వెళ్లింది.

కౌంటరు ముందు జనం ఒకరినొకరు తోసుకుంటున్నారు. “ఇంకా ఎంతసేపప్పా?” అని వెనకనుంచి కేకలు. ఆ గోలలోనే అమానుల్లా ఫైళ్లు మారుస్తున్నాడు. అదయ్యాక మార్తమ్మ కూర్చుని, తొందరలో తెర మీద రోగి వివరాల గడులు కొన్ని నింపి కొన్ని వదిలేసి, చకచకా మందులిచ్చి పంపుతోంది. వాళ్ల చోట తానున్నా పొరపాటు చేసేదాన్నేనని సోఫియాకు అనిపించింది.

తిరుగు బస్సులో అంది: “భాయ్, ఇది చేతుల్తో చేసే పని కాదు. తనంతట తానే జరిగిపోయేట్టు చేస్తాను.”

“అంటే నా పని పోతాది గదమ్మా?”

“యాల పోతాది? పెన్‌డ్రైవ్ మోసేది పోతాది, అంతే. నువ్వు నా పక్కన కూర్చోని, సాఫ్ట్‌వేర్ సరిగా నడుస్తాదో లేదో చూసే పరీక్షలు రాయల్ల. నేను నేర్పిస్తాను.”

అన్నట్టే మొదలుపెట్టింది. ఆమె చేసిన ఏర్పాటు ఇది: ప్రోగ్రామర్లు తమ పని ఒకచోట చేర్చగానే ఒక యంత్రం దాన్ని తానే కూర్చుకుంటుంది, వరసగా పరీక్షలు పెడుతుంది. ఒక్కటి తప్పినా తెర మీద ఎర్రగా చూపించి ఆగిపోతుంది. అన్నీ నెగ్గితే నెట్ ద్వారా ముందు పుంగనూరుకు మాత్రమే పంపుతుంది, అక్కడ బాగా నడిస్తేనే మిగతా ఊళ్లకు. కుప్పంలో నెట్ మాటిమాటికీ పోతుంది. మొదట్లో సగం ఫైళ్లు దిగి సగం ఆగిపోయేవి. కొత్తది పూర్తిగా దిగేదాకా పాతదే నడిచేట్టు సోఫియా ఆ భాగమంతా మళ్లీ రాసింది. కుప్పం కౌంటరు గుర్తొచ్చి ఇంకో పరీక్ష చేర్చింది: ఏ గడి ఖాళీగా వదిలినా ముందటి రోగి వివరాలు అందులోకి రాకూడదు.

పుంగనూరు డాక్టర్ రేవతి పిల్లల బరువును బట్టి మందు మోతాదు చూపించమని అడిగింది. ఆ పని సోఫియాయే చేసింది. ఇస్తామన్న రోజున అందరూ చూస్తుండగా పంపబోతే తెర ఎర్రబడింది.

“ఆ పరీక్ష పెట్టింది నువ్వే గదా, ఈ ఒక్కసారికి పక్కన పెట్టు. డాక్టరమ్మకు మాటిచ్చుండాను” అన్నాడు భరత్.

“పెట్టను సార్. యాల ఆగిందో సూడనీండి.”

చూసింది. బరువు గడి ఖాళీగా వదిలితే, అంతకుముందు వచ్చిన బిడ్డ బరువునే లెక్కలోకి తీసుకుంటోంది. చంటిబిడ్డకు పెద్దపిల్లాడి మోతాదు పడేది. సోఫియా అందరినీ దగ్గరికి పిలిచి, “నేనే తప్పు చేసుండాను, సూడండి” అని తెర చూపించింది. రేవతికి తానే ఫోన్ చేసి, జరిగింది దాచకుండా చెప్పి, గడువు అడిగింది.

“తొందరేం లేదమ్మా, సరిగా చేసే పంపించు” అంది రేవతి.

సరిచేసిన వెర్షన్ మర్నాడు పరీక్షలన్నీ దాటి పుంగనూరు చేరింది. అక్కడ బాగుందని తేలాక కుప్పానికీ వెళ్లింది. సోఫియా ఉండబట్టలేక మార్తమ్మకు ఫోన్ చేసి, కొత్తది ఎలా నడుస్తోందని అడిగింది.

“కొత్తదా? ఎప్పుడొచ్చిందమ్మా? నేను ఆపకుండా మందులిస్తానే ఉండానే!”

ఆ మాటకు సోఫియా మొహం విప్పారింది. తన పని ఎవరి కంటా పడకుండా జరిగిపోవాలనే కదా ఇన్నాళ్లూ తంటాలు పడింది.

ఆ తర్వాత కొన్నాళ్లకు అమానుల్లా సొంతంగా రాసిన మొదటి పరీక్ష, భరత్ చేసిన మార్పునే ఆపేసింది. అమానుల్లా కంగారుగా సోఫియా వైపు చూశాడు. భరత్ మాత్రం కుర్చీ లాక్కుని అతని పక్కన కూర్చున్నాడు.

“యాడ తప్పిందో సూపించు భాయ్” అన్నాడు.